ఓడకొక పేజీ: 1942 ఏప్రిల్ ఓడల పటం, ప్రాజెక్టు డైరీ

నవంబరు చివర

పని మొదలుపెట్టాను. ఏం చేస్తున్నానో ముందు చెప్పేస్తాను. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల ఎత్తు ఉన్న ప్లైవుడ్ షీటు మీద హుగ్లీ ముఖద్వారం నుంచి మచిలీపట్నం దాకా తీరం. దాని ముందు బంగాళాఖాతం. అందులో 1942 ఏప్రిల్ మొదటి వారంలో జపాన్ నౌకాదళం ముంచేసిన సరుకు ఓడలు, ఒక్కోటీ చెక్కతో చెక్కిన చిన్న నమూనాగా. పటం పక్కన చేత్తో రాసిన పుస్తకం ఒకటి ఉంటుంది, ఓడకొక పేజీ చొప్పున, ఆ ఓడతో పాటు పోయినవాళ్ళ పేర్లు తెలుగులో.

మా వైపు పెద్దవాళ్ళకి 1942 ఏప్రిల్ 6 అనగానే విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు పడిన రోజు గుర్తొస్తుంది. ఆ రోజు జనం ఊళ్ళు ఖాళీ చేసి వెళ్ళిపోయిన సంగతి ఇప్పటికీ ఇళ్ళల్లో చెప్పుకుంటారు. కానీ అదే రోజు పొద్దున్నే, అదే సముద్రంలో, ఓడ తర్వాత ఓడ మునిగిపోయిందన్న సంగతి చెప్పేవాళ్ళు నాకు చాలా తక్కువమంది కనిపించారు. అడ్మిరల్ ఒజావా దళం ఆ కొద్ది రోజుల్లో 20కి పైగా సరుకు ఓడల్ని ముంచింది, అన్నీ కలిపి లక్ష టన్నులు దాటాయి. ఎక్కువ భాగం 6వ తేదీనే పోయాయి. ఇంత పెద్ద విషయం మన తీరం ముందే జరిగితే, దానికి ఇక్కడ ఒక రాయి కూడా నాకు కనబడలేదు.

విశాఖ బీచ్‌లో 1971 యుద్ధ విజయానికి స్మారకం ఉంది, కురుసుర జలాంతర్గామి మ్యూజియం ఉంది. అవి ఉండాల్సినవే. వాటి పక్కన యూనిఫాం లేని నావికులకి కూడా చోటుండాలని నా కోరిక. బొగ్గు, టీ, జనపనార మోసిన ఓడల మీద వంట వండినవాళ్ళు, బాయిలర్‌లో బొగ్గు వేసినవాళ్ళు, తాళ్ళు లాగినవాళ్ళు. వాళ్ళు యుద్ధానికి వెళ్ళలేదు. రోజూ చేసే పనికే వెళ్ళారు, యుద్ధమే వాళ్ళ దగ్గరికి వచ్చింది.

డిసెంబరు

తీరం గీయడం నేననుకున్న దానికంటే బాగా నడిచింది. సెంటీమీటరుకి ఐదు కిలోమీటర్లు, అంటే ఐదు లక్షల్లో ఒకటో వంతు స్కేలు. ఉత్తరం పైకే ఉంచితే, అడుగున మచిలీపట్నం, పైన హుగ్లీ, షీటు ఎత్తులో సరిగ్గా ఇమిడిపోయాయి. కుడివైపు మిగిలిన చోటంతా సముద్రమే. అది నాకు నచ్చింది, ఎందుకంటే ఈ పటంలో చూడాల్సింది సముద్రాన్నే. ట్రేసింగ్ పేపరు మీద తీరరేఖ ఎక్కించి, కార్బన్ పేపరుతో పలచటి ప్లైవుడ్ మీదకి దించి, జిగ్‌సాతో కోశాను. గోదావరి పాయల దగ్గర, చిలికా దగ్గర బ్లేడు తిప్పడం కష్టం, అక్కడ చిన్న ఉలితో, గరుకు కాగితంతో చేత్తోనే చేసుకోవాల్సి వచ్చింది. విశాఖ రేవు పక్కనున్న డాల్ఫిన్స్ నోస్ కొండ ఈ స్కేలులో గోరంత కూడా రాదు, అయినా దాన్ని వదలబుద్ధి కాలేదు. చిన్న ముక్క అతికించి కొండలా అరగదీశాను.

ఇక్కడ పనిచేసేవాళ్ళకి ఒక మాట: సముద్రపు గాలి తగిలేచోట పెట్టే పటమైతే మామూలు ప్లైవుడ్ వద్దు, మెరైన్ ప్లై తీసుకోండి, వెనక అడ్డంగా నిలువుగా చెక్క పట్టీలు కొట్టి ఫ్రేము కట్టండి. రెండు వైపులా ప్రైమర్ వేయండి, ముందువైపే వేస్తే వెనకవైపు తేమ పీల్చుకుని షీటు విల్లులా వంగుతుంది. సముద్రానికి మెరిసే నీలం వేయకూడదనుకున్నాను, ఎండలో చూస్తే ఏమీ కనబడదు. బూడిదరంగు కలిపిన ముదురు నీలం, మ్యాట్ ఫినిషు.

జనవరి

ఈ నెలంతా కాగితాల పనే. చెక్క ముట్టుకోలేదు.

ముందు కథ సరిగ్గా అర్థం కావాలి. మార్చి 8న రంగూన్ జపాన్ చేతికి పోయింది. రంగం (బర్మా) వెళ్ళిన మనవాళ్ళు అడవుల్లో నడుచుకుంటూ తిరిగొస్తున్న రోజులవి. కలకత్తా రేవు నిండా ఓడలున్నాయి, అక్కడే ఉంటే దాడికి దొరికిపోతాయని వాటిని బయటికి పంపేశారు. కాపలా ఓడలు లేవు. బ్రిటిష్ తూర్పు నౌకాదళం సింహళం అవతల ఎక్కడో ఉంది. సరుకు ఓడలు ఒంటరిగానో చిన్న చిన్న గుంపులుగానో తీరం పట్టుకుని దక్షిణానికి బయల్దేరాయి. ఏప్రిల్ 5న ఇంకో జపాన్ అడ్మిరల్ నగుమో దళం విమానాలు కొలంబో మీద దాడి చేశాయి. ఆ రాత్రి ఒజావా తన దళాన్ని మూడుగా విడదీసి తెల్లారేసరికి ఈ తీరం పొడవునా పరిచాడు. ఉత్తరాన కుమానో, సుజుయా అనే క్రూజర్లు, దక్షిణాన మికుమా, మొగామి, మధ్యలో చోకాయ్, యురా, వాటితో పాటు ర్యూజో అనే విమానవాహక నౌక.

ఆ క్రూజర్లలో యురా తప్ప మిగతావాటి మీద ఎనిమిదంగుళాల ఫిరంగులు, వేగం 30 నాట్లకి (నాట్ అంటే గంటకి ఒక నాటికల్ మైలు) పైన. మన సరుకు ఓడ పదీ పదకొండు నాట్ల మీద నడుస్తుంది. ఫిరంగి అంటూ ఉంటే వెనక భాగంలో పాతకాలం నాటి నాలుగంగుళాలది ఒకటి. దీన్ని యుద్ధం అనడానికి నాకు నోరు రావట్లేదు.

మునిగిన ఓడల్లో బ్రిటిష్‌వి మాల్డా, ఇండోరా, గండారా, ఆటోలికస్, డార్డనస్, సిల్క్స్‌వర్త్, షిన్‌క్వాంగ్, టాక్‌సాంగ్, గాంజెస్ ఇంకా కొన్ని. అమెరికన్ ఓడలు ఎక్స్‌మూర్, బియెన్‌విల్. నార్వేవి డాగ్‌ఫ్రెడ్, ఎల్సా, హెర్మోడ్. డచ్ ఓడలు బటావియా, బాన్యువాంగి. వీటిలో మాల్డా, ఇండోరా, గండారా బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీవి. భీమిలి, విశాఖ, కాకినాడ రేవుల నుంచి మనవాళ్ళని రంగం తీసుకెళ్ళిన స్టీమర్లు కూడా ఆ కంపెనీవే. ఈ తీరం జనానికి ఆ కంపెనీ పరాయిది కాదు.

ఇక స్థానాలూ, సమయాలూ. ఒకే ఓడ మునిగిన చోటు ఒక పుస్తకంలో ఒకలా, ఇంకో జాబితాలో ఇంకోలా ఉంటోంది. అందుకని మేకు కొట్టి ఇక్కడే అని చెప్పే బదులు, ఆధారాలు ఎంత మేర తేడా చెప్తున్నాయో అంత వెడల్పున చుక్కల వలయం గీస్తున్నాను, ఓడని వలయం మధ్యలో పెడుతున్నాను. సమయాల దగ్గర మాత్రం జాగ్రత్త చాలా అవసరం. జపాన్ నౌకాదళం సముద్రంలో ఎక్కడున్నా టోక్యో సమయమే రాసుకునేది. అది మన సమయం కంటే మూడున్నర గంటలు ముందు. వాళ్ళ లెక్కలో ఉదయం పది అంటే ఇక్కడ ఆరున్నర, అప్పుడప్పుడే ఎండ పొడుస్తున్న వేళ. మొదట్లో ఇది ఉత్త లెక్కల సర్దుబాటే అనుకున్నాను, మార్చిలో పేర్లు రాసేటప్పుడు దీని బరువు తెలిసింది, ఆ సంగతి అక్కడ రాస్తాను.

ఫిబ్రవరి

ఓడలు చెక్కుతున్నాను.

అంకుడు కర్ర తీసుకున్నాను. ఏటికొప్పాక బొమ్మలకి వాడే కర్రే. మెత్తగా ఉలికి లొంగుతుంది, పోగులు అడ్డం పడవు, చిన్న అంచులు కూడా విరక్కుండా నిలుస్తాయి. ఓడల స్కేలు వేరు, 1200లో ఒకటో వంతు, దానివల్ల 400 అడుగుల ఓడ పది సెంటీమీటర్లు వస్తుంది. నీటి మట్టం వరకే చేస్తున్నాను, కింది భాగం లేదు. ముందు శరీరం మొత్తం ఒకే ముక్కగా కోసుకుని, ముందు భాగం, మధ్యలో బ్రిడ్జి (ఓడ నడిపే గది), వెనక భాగం ఎత్తుగా వదిలి, నడుమ సరుకు గదుల దగ్గర రెండు పల్లాలు తీస్తే సగం ఓడ కనబడిపోతుంది. పొగగొట్టం సన్నటి గుండ్రటి కర్ర. స్తంభాలకీ క్రేను బూమ్‌లకీ ఇత్తడి తీగ, చెక్కైతే ఈ సైజులో నిలవదు. వెనక భాగంలో ఫిరంగి కోసం గుండుసూది ముక్క.

రంగు గురించి చాలా ఆలోచించాను. శాంతికాలంలో బ్రిటిష్ ఇండియా ఓడల పొగగొట్టం నల్లగా, దాని మీద రెండు తెల్ల పట్టీలతో ఉండేది. ఆటోలికస్, డార్డనస్ నడిపిన బ్లూ ఫన్నెల్ కంపెనీవాళ్ళది పేరుకి తగ్గట్టు నీలం, పైన నల్ల అంచు. అలా వేస్తే పటం చాలా అందంగా ఉంటుంది, చూసేవాళ్ళకి ఏ ఓడ ఎవరిదో కూడా తెలుస్తుంది. కానీ యుద్ధంలో అవన్నీ బూడిదరంగు పూసుకుని తిరిగాయి. ఆ పొద్దున వాళ్ళు నిలబడింది బూడిదరంగు డెక్కు మీదే. అన్నిటికీ బూడిదరంగే వేస్తున్నాను. ఏ ఓడ ఏదో అడుగున ఇత్తడి రేకు మీద చెక్కిన పేరు చెప్తుంది.

రెండు ఓడలకి మాత్రం ఒక తేడా ఉంది. డార్డనస్ విమాన దాడిలో దెబ్బతిని కదలలేని స్థితికి వచ్చింది. దారిలో ఉన్న గండారా దాన్ని వదిలేసి పోలేదు, తాడు కట్టి లాక్కెళ్ళడం మొదలుపెట్టింది. దెబ్బతిన్న పెద్ద ఓడని లాగుతూ వెళ్తే వేగం సగానికి సగం పడిపోతుందని, ఆ సముద్రంలో ఆలస్యం అంటే ఏమిటో తెలిసే చేసి ఉంటారు. 6వ తేదీ పొద్దున మికుమా, మొగామి వాళ్ళని పట్టుకున్నాయి. రెండూ మునిగాయి. పటం మీద ఆ రెంటి మధ్య నల్లటి నూలు దారం కట్టాను, మైనం రుద్ది, మధ్యలో కాస్త వేలాడేలా. నిజంగా లాగేటప్పుడు ఆ తాడు బిగుసుకుని ఉండదు, నీళ్ళలోకి వంగే ఉంటుంది. ఈ మొత్తం పనిలో నేను ఎక్కువసేపు చూస్తూ కూర్చునేది దీని ముందే.

మార్చి

పేర్లు. ఇదే అసలు పని.

రెండో ప్రపంచ యుద్ధంలో సముద్రంలో పోయి సమాధి లేని భారత సరుకు ఓడల నావికులు దాదాపు 6,000 మంది. వాళ్ళ పేర్లు రాసిన పుస్తకం ముంబైలో ఒక ప్రతి, చిట్టగాంగ్‌లో ఒక ప్రతి ఉన్నాయి, కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వాటిని చూసుకుంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో అలా పోయిన 2,000 మందికి పైగా నావికుల స్మారకం కూడా ముంబైలోనే ఉంది. కలకత్తాలో ప్రిన్సెప్ ఘాట్ దగ్గర లాస్కర్ మెమోరియల్ కట్టారు, 1924లో ఆవిష్కరించారు, అది 896 మంది లాస్కర్ల కోసం, అంటే బ్రిటిష్ ఓడల మీద పనిచేసిన మన నావికుల కోసం.

ఇప్పుడు ఒక ఓడని తీసుకోండి. మాల్డా అనుకుందాం. దాని మీద ఉన్న బ్రిటిష్ అధికారుల్లో ఎవరైనా పోతే పేరు లండన్ టవర్ హిల్ స్మారకం మీద ఉంటుంది. అదే ఓడలో, అదే నిమిషంలో పోయిన కళాసీ పేరు ముంబై, చిట్టగాంగ్ పుస్తకాల్లో ఉంటుంది. బ్లూ ఫన్నెల్ ఓడల్లో చైనా నావికులు ఎక్కువ, వాళ్ళ పేర్లు హాంకాంగ్ స్మారకంలో. డచ్ నావికులకి రాటర్‌డామ్‌లో, నార్వే నావికులకి స్టావెర్న్‌లో, అమెరికా వాళ్ళకి న్యూయార్క్‌లో వేర్వేరు స్మారకాలున్నాయి. ఎవరి దేశం వాళ్ళని గుర్తుపెట్టుకుంది, అందుకు నాకు గౌరవమే. కానీ ఒకే గిన్నెలో నీళ్ళు తాగి ఒకే డెక్కు మీద నిలబడ్డవాళ్ళు చనిపోయాక మూడు నాలుగు దేశాల్లోకి చెదిరిపోయారు. ఓడకొక పేజీ అనడంలో నా ఉద్దేశం ఇదే. వాళ్ళని మళ్ళీ వాళ్ళ ఓడ మీదకి చేర్చాలి.

వెతకడం ఎలాగంటే, కమిషన్ జాబితాలో మనిషి పేరు, హోదా, ఓడ పేరు, తేదీ ఉంటాయి. కొందరికి వయసు, తండ్రి పేరు, భార్య పేరు, ఊరు కూడా ఉంటాయి. నేను ఓడ పేరుతోనూ, తేదీతోనూ రెండు దిక్కుల నుంచీ వెతుకుతున్నాను, ఎందుకంటే గాయాలతో తర్వాత పోయినవాళ్ళు తేదీతో వెతికితే దొరకరు. కలకత్తాలో ఎక్కినవాళ్ళలో సిల్హెట్, నోవాఖాలీ, చిట్టగాంగ్ జిల్లాలవాళ్ళు ఎక్కువ కాబట్టి పేర్లు ఎలా పలకాలో ఒక బెంగాలీ స్నేహితుడితో చదివించుకుని తెలుగులో రాస్తున్నాను. ఆయన ఒక్కో పేరూ రెండుసార్లు చదువుతాడు, రెండోసారి మెల్లగా.

ఈ మనుషుల జీతాల గురించి కూడా పుస్తకం మొదట్లో ఒక పేజీ రాస్తున్నాను. యుద్ధం మొదలైనప్పుడు బ్రిటిష్ సరుకు ఓడల మీద పనిచేసేవాళ్ళలో సుమారు నాలుగో వంతు భారతీయులే. అదే ఓడ మీద పనిచేసే తెల్ల నావికుడి జీతంలో వాళ్ళకి దక్కేది చిన్న భాగం. 1939లో యుద్ధం రాగానే భారత నావికులు బ్రిటిష్ రేవుల్లో సమ్మె చేశారు, కొందరు జైలుకి వెళ్ళారు, చివరికి జీతం కొంత పెరిగింది. తెల్లవాళ్ళ పరిస్థితీ గొప్పగా లేదు. 1941 దాకా ఓడ మునిగితే నావికుడి పని ఒప్పందం దానితోనే ముగిసిపోయేది.  ఇది చదివిన రోజు నాకు రాత్రి పని సాగలేదు.

పేజీలో పేర్ల వరుస గురించి పెద్ద చర్చే అయింది. కెప్టెన్ పేరు మొదట, కళాసీల పేర్లు చివర అనే పద్ధతి నాకిష్టం లేదు, అందుకని అకారాది క్రమంలో రాద్దామనుకున్నాను. మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు, సరుకు ఓడల మీద చీఫ్ ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. మొదటి పేజీ నమూనా ఆయనకి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చదివారు.

"బాబూ, ఓడ మీద అకారాది క్రమంలో ఎవరూ బతకరయ్యా. డెక్కు వాళ్ళు డెక్కు వాళ్ళతో తింటారు, ఇంజన్ రూము వాళ్ళు ఇంజన్ రూము వాళ్ళతో పడుకుంటారు. కళాసీల మేస్త్రీ సరంగు తన ఊరివాళ్ళనే పనిలోకి తెచ్చుకునేవాడు, అన్నదమ్ములు, బావమరుదులు ఒకే వాచ్‌లో, అంటే ఒకే పని వంతులో ఉండేవాళ్ళు. నువ్వు వాళ్ళని కలపాలని కూర్చుని అక్షరాల పేరు చెప్పి విడదీస్తున్నావు."

"మరి ఎలా రాయమంటారు సార్?"

"డెక్కు, ఇంజను, వంటా వడ్డనా. మూడు భాగాలు. ఆఫీసరైనా కళాసీ అయినా తన పని ఎక్కడుందో అక్కడ రాయి."

ఆయన చెప్పిందే సరి. డెక్కు కింద సరంగు, తండేలు (సరంగు కింది మేస్త్రీ), కళాసీలు, మేట్లు (డెక్కు ఆఫీసర్లు). ఇంజను కింద ఇంజనీర్లు, అక్కడి సరంగు, ఆయిల్ వేసేవాళ్ళు, ఫైర్‌మెన్, బొగ్గు మోసేవాళ్ళు. మూడో భాగంలో బండారీలు (వంటవాళ్ళు), బట్లర్లు. అప్పుడు ఆయనే ఇంకో ప్రశ్న అడిగారు, ఏ టైముకి మునిగింది అని. జపాన్ లెక్కలో పది, మన లెక్కలో ఆరున్నర అని ఒక ఓడ గురించి చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. "అయితే నాలుగు-ఎనిమిది వాచ్ కింద ఉంది" అన్నారు. సరుకు ఓడల్లో నాలుగు గంటలు పని, ఎనిమిది గంటలు విశ్రాంతి. పది గంటలకైతే ఎనిమిది-పన్నెండు వాళ్ళు బాయిలర్ల ముందు ఉంటారు, ఆరున్నరకైతే నాలుగు గంటలకి లేచి దిగినవాళ్ళు. నీటి మట్టానికి కింద, ఆ వేడిలో, ఆ చప్పుడులో పైన ఏం జరుగుతోందో కూడా తెలియదు, పైకి రావడానికి ఇనుప నిచ్చెన ఒక్కటే దారి. మూడున్నర గంటల తేడాని నేను కాగితం మీద సరిచేసుకుంటున్నప్పుడు, ఆ సమయంలో కింద ఉన్నది ఎవరు, పైన నిద్రపోతున్నది ఎవరు అన్న ప్రశ్న నాకు తట్టనే లేదు. ఇప్పుడు ప్రతి పేజీలో మునిగిన సమయం పక్కన ఏ వాచ్ నడుస్తోందో కూడా రాస్తున్నాను.

మార్చి చివర

పుస్తకానికి చేతితో తయారైన మందపాటి కాగితం, పిగ్మెంట్ ఇంకు. మామూలు పెన్ను ఇంకు ఎండకి వెలిసిపోతుంది, తేమకి అలుక్కుపోతుంది, ఈ పనికి పనికిరాదు. అక్షరం ఎత్తు ఎనిమిది మిల్లీమీటర్లు, వత్తులకి చోటు కావాలి కాబట్టి వరుసల మధ్య దూరం ఎక్కువే పెట్టాను. పేరు, కింద చిన్న అక్షరాల్లో హోదా, తెలిస్తే వయసు, ఊరు. పేర్లు పెద్దగా చదువుతూ రాస్తున్నాను, అలా రాస్తే చేయి తొందరపడదు.

ఈ పేజీల్లో చనిపోయినవాళ్ళే ఉన్నా, బతికినవాళ్ళ గురించి పటం మీద ఒక గుర్తు ఉండాలనిపించింది. తీరం దగ్గరే కావడం, నీళ్ళు వెచ్చగా ఉండడం వల్ల లైఫ్‌బోట్లలో చాలామంది ఒడిశా తీరానికి చేరగలిగారు. అట్లాంటిక్‌లో అయితే ఆ అవకాశం ఉండేది కాదు. 1941 ఫిబ్రవరిలో గైర్‌సొప్పా అనే ఇదే కంపెనీ ఓడ ఐర్లండ్‌కి దూరంగా చలి సముద్రంలో మునిగితే, ఎనభైమందికి పైగా ఉన్న సిబ్బందిలో చివరికి బతికింది ఒక్కరే. అందుకని ఒడిశా తీరం పొడవునా సన్నటి తెల్లగీత ఒకటి వేశాను, ఒడ్డుకి చేరినవాళ్ళ కోసం.

ఏప్రిల్ మొదటి వారం

ఏప్రిల్ 5 జాతీయ సముద్రయాన దినోత్సవం. 1919లో అదే రోజున సింధియా కంపెనీ ఓడ ఎస్.ఎస్. లాయల్టీ బొంబాయి నుంచి లండన్ బయల్దేరింది, దాని గుర్తుగా జరుపుకుంటాం. మర్నాడే 6వ తేదీ. ఈ రెండు రోజులూ కలిపి జరుపుకోవచ్చు కదా అని నాకు గట్టిగా అనిపిస్తోంది. మొదటి రోజు మన ఓడల గురించి గర్వంగా చెప్పుకుని, రెండో రోజు ఆ పనిలో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళ పేర్లు చదవడం. ఉపన్యాసాలు అక్కర్లేదు, పేర్లు చదివితే చాలు.

ఈ ఏడాదికి పటం పూర్తయినట్టే. ఓడలన్నీ కూర్చున్నాయి, ఇత్తడి రేకులు బిగించాను, మ్యాట్ వార్నిష్ ఒక పూత ఆరింది, రెండో పూత వేయాలి. పుస్తకంలో బ్రిటిష్ ఇండియా ఓడల పేజీలు అయ్యాయి. బ్లూ ఫన్నెల్ ఓడల చైనా పేర్లు మొదలుపెట్టాలి. వాటిని చైనీస్ చదవగలిగేవాళ్ళతో కూర్చునే రాయాలి, ఇంగ్లిష్ స్పెల్లింగు చూసి ఊహించి రాయడం నాకు సమ్మతం కాదు. డచ్, నార్వే, అమెరికన్ ఓడలు ఆ తర్వాత.

ఇది చదివేవాళ్ళకి ఒక విన్నపం. మీ ఇంట్లో తాతగారో ముత్తాతగారో ఓడ మీద కళాసీగా, బండారీగా, ఫైర్‌మన్‌గా చేసి ఉంటే, ఆయన డిశ్చార్జి పుస్తకం, ఓడ కంపెనీ నుంచి వచ్చిన ఉత్తరం, చివరికి ఒక ఫోటో ఉన్నా జాగ్రత్త చేయండి. ప్లాస్టిక్ కవర్లో పెట్టకండి, తేమ లోపలే ఉండిపోతుంది, ఆమ్లం లేని కాగితంలో చుట్టి పొడిగా ఉంచండి. డిశ్చార్జి పుస్తకంలో ఎక్కిన ప్రతి ఓడ పేరూ, ఎక్కిన తేదీ, దిగిన తేదీ ఉంటాయి, ముందు వాటిని ఒక నోట్‌బుక్‌లోకి ఎక్కించండి. అందులో చివరి ఓడకి దిగిన తేదీ రాసి లేకపోతే, ఆ ఓడ పేరు కమిషన్ జాబితాలో వెతకండి, లేదా నాకు రాయండి, నేను వెతికి పెడతాను.